చిలకపచ్చ బస్సు వేలంపాట

మెట్టవలస విశ్వవిద్యాలయంలో పార్కింగు, బస్సు సెక్షన్ అని ఒకటుండేది. అందులో నలుగురు పనిచేసేవారు. ఊళ్ళో ఉన్న తెలివంతా నాలుగు పాళ్ళు చేస్తే ఆ నాలుగు పాళ్ళూ తమ దగ్గరే ఉన్నాయని ఆ నలుగురికీ గట్టి నమ్మకం. సూపరింటెండెంటు గవర్రాజు అయితే పొద్దున్నే అద్దంలో చూసుకుని, "ఇంత తెలివి ఒక్క తలకాయలో ఎలా పట్టిందిరా బాబూ" అని తనమీద తనే జాలిపడేవాడు. డ్రైవరు తవుడు, కండక్టరు సన్యాసిరావు, గుమాస్తా పేరిందేవి అవునవునని తలలూపేవారు. ఆ తలల్లో ఏముందో చాలా ఏళ్ళ తర్వాత గవర్రాజే నవ్వుతూ చెప్పేవాడు లెండి. "మా నాలుగు బుర్రలూ తక్కెట్లో ఓ పక్క వేసి, రెండో పక్క ఒక్క గుమ్మడికాయ వెయ్యండి. మేం గాల్లోకి లేచిపోతాం" అనేవాడు.

ఆ విశ్వవిద్యాలయం కొండమీద ఉంది. గేటూ, గేటు పక్కన బళ్ళు పెట్టుకునే స్థలమూ కొండకింద ఉన్నాయి. కింద బండి పెట్టి, చిలకపచ్చ రంగు బస్సెక్కి పైకి వెళ్ళాలి. బస్సు ఒక్కటే. గవర్రాజు ఉద్యోగం మొదట్లో ఆ బస్సులోనే క్లీనరు. దాని కిటికీలు తుడిచి తుడిచి సూపరింటెండెంటు అయ్యాడు. అతని భార్య దాలమ్మ కొండమీద హాస్టల్లో వంట చేస్తుంది. ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. బస్సుంటేనే ఆవిడకు ఉద్యోగం, లేకపోతే లేదు.

ఒకనాడు రిజిస్ట్రారు గారు నలుగుర్నీ పిలిచారు.

"చూడండి, బస్సు ఖర్చుకి ఇకమీదట విశ్వవిద్యాలయం పైసా ఇవ్వదు. కింద పార్కింగులో వచ్చే రుసుముతోనే బస్సు నడపాలి. మూడు నెలలు టైమిస్తున్నాను. మీ కాళ్ళమీద మీరు నిలబడండి. లేదా, బస్సు వేలం వేసేస్తాను" అన్నారు.

గవర్రాజు గుండె గుభేలుమంది. బస్సు పోతే దాలమ్మ ఎలా ఎక్కుతుంది కొండ? సెక్షన్‌కి వచ్చాడో లేదో, కేకేశాడు.

"విన్నారుగా! ఎవరి కాళ్ళమీద వాళ్ళు నిలబడాలి. లేవండి!"

అంతే. నాలుగు కుర్చీలూ, వచ్చినవాళ్ళు కూర్చునే రెండు బల్లలూ స్టోరుకు పంపేశారు. నలుగురూ పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా గోడవారన నిలబడ్డారు. నాలుగో రోజుకి పేరిందేవి కాళ్ళు వాచిపోయాయి.

"రాజుగారూ, నేను గోడకి ఆనుకోవచ్చాండీ?"

"గోడ విశ్వవిద్యాలయానిదమ్మా. దానిమీద ఆనుకుంటే మన కాళ్ళమీద మనం నిలబడ్డట్టు కాదు."

నిజమే కదా అనుకుని పేరిందేవి రెండడుగులు ముందుకు జరిగింది. వారం నిలబడినా ఒక్క రూపాయి పెరగలేదు. ఎందుకు పెరగలేదో నలుగురికీ అంతుపట్టలేదు.

ఇలా లాభం లేదని గవర్రాజు గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. ఆవరణలో ఎక్కడ బండి ఆపినా అయిదు రూపాయలు కట్టాలి, ఎంతటివారికైనా మినహాయింపు లేదు. బోర్డు చదివి పేరిందేవి బుగ్గన వేలేసుకుంది.

"రాజుగారూ, మరి మన బస్సు కూడా ఏడు చోట్ల ఆగుతోంది కదండీ?"

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. నిజమే! రూలు పెట్టినవాడే తప్పితే పరువేం కావాలి? ఇంకేముంది, బస్సు ఆగిన ప్రతిచోటా సన్యాసిరావు తన డీజిలు డబ్బుల సంచిలోంచి అయిదు రూపాయలు తీసి పేరిందేవికి కట్టడం, ఆవిడ రసీదు రాయడం. ఆవిడా బస్సులోనే వెళ్ళాలి మరి, రసీదు ఇవ్వాలి కదా! సాయంత్రానికి పార్కింగు రాబడి మూడింతలైంది. నలుగురూ మిఠాయి తెప్పించుకుని తిన్నారు. డీజిలు పోయించబోతే సన్యాసిరావు సంచి ఖాళీ.

తవుడు బుర్ర గోక్కున్నాడు. "ఆగితేనే కదా డబ్బులు? ఆగకపోతే సరి!"

"ఓరి నీ తెలివి బంగారం గానూ!" అన్నాడు గవర్రాజు. తనకెందుకు తట్టలేదా అని కొంచెం కుళ్ళుకున్నాడు కూడా.

మర్నాటినుంచి బస్సు ఆగలేదు. పిల్లలు పరిగెత్తి పరిగెత్తి ఎక్కారు, గడ్డివాము మీద పడ్డట్టు ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ దిగారు. దాలమ్మ మాత్రం గేటు దగ్గర బస్సు కదలకముందే ఎక్కి కూర్చుంది. హాస్టలు వచ్చింది, పోయింది. లైబ్రరీ వచ్చింది, పోయింది. మళ్ళీ గేటొచ్చింది. మళ్ళీ హాస్టలొచ్చింది.

"ఒరే తవుడూ, ఆపరా! అన్నం మాడిపోతాది!"

"ఆపితే అయిదు రూపాయలొదినా!"

"నా మొగుడి జీతంలో ఇరుసుకోరా!"

"రాజుగారు ఎవులికీ మినహాయింపు నేదన్నారొదినా!"

అలా దాలమ్మ కొండచుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసింది. డీజిలు అయిపోయి బస్సు తనంతట తనే ఆగితే దిగింది. ఆ పూట హాస్టల్లో పిల్లలు మజ్జిగ తాగి పడుకున్నారు. ఇంటికొచ్చాక గవర్రాజుకీ మజ్జిగే పోసింది.

మర్నాడే అతను బోర్డు పీకించి బస్సుని మళ్ళీ ఆపించాడు గానీ, ఆ తర్వాత ఎవరెక్కుతారండీ ఆ బస్సు? రోజూ కొండెక్కుతోంది, దిగుతోంది, లోపల ఈగ కూడా లేదు. మేడమీంచి అది చూసి రిజిస్ట్రారు గారు మండిపడ్డారు. గవర్రాజుని పిలిపించి చీవాట్లు పెట్టారు.

"డీజిలు పోసి ఖాళీ బస్సు తిప్పుతారా! రేపు నేను చూసేసరికి ఆ బస్సు నిండుగా ఉండాలి. ఒక్క అంగుళం ఖాళీ కనబడిందంటే మీ పని చెబుతాను."

గవర్రాజు ఆ రాత్రంతా ఆలోచించాడు. బస్సు నిండాలి. దేనితో? తెల్లారేసరికి తట్టింది. స్టోరులో తమ నాలుగు కుర్చీలతో పాటు క్లాసురూముల పాత కుర్చీలు ఎనభై దాకా పడున్నాయి. నలుగురూ మోసి, బస్సులో నేలనుంచి కప్పుదాకా పేర్చేశారు. మిగిలిన సందుల్లో కాళ్ళు విరిగిన స్టూళ్ళు కుక్కారు. అంగుళం కాదు గదా, చీమ దూరే సందు లేదు.

బస్సు ఇప్పుడు బుద్ధిగా ఆగుతోందని తెలిసి పిల్లలు గుంపుగా వచ్చారు. తోవలో దాలమ్మ కూడా నిలబడింది. సన్యాసిరావు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ చెయ్యూపాడు.

"లేదు, లేదు, కూర్చోడానికి చోటు లేదు!"

"లోపలంతా కుర్చీలే కదరా!" అంది దాలమ్మ.

"అదే వదినా, కుర్చీలుండబట్టే చోటు లేదు."

దాలమ్మ నెత్తి కొట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని నడక మొదలెట్టింది. వెనకనుంచి ఆ నడక చూస్తూ గవర్రాజు ఆలోచనలో పడ్డాడు. చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాం, ఒక్క మాట తప్పలేదు, మరి ఇదంతా ఇలా ఎందుకవుతోంది? ఎంత ఆలోచించినా తేలలేదు. తప్పు తన తెలివిలో ఉండొచ్చన్న అనుమానం ఒక్కసారి తలదాకా వచ్చింది గానీ, లోపల చోటెక్కడుందో తెలియక అట్నించటే వెళ్ళిపోయింది.

మూడు నెలలూ అయిపోయాయి. రిజిస్ట్రారు గారు వేలం నోటీసు అంటించేశారు. నలుగురూ దాలమ్మ వంటింట్లో చేరి గొల్లుమన్నారు.

"ఏడుపులాపండి" అంది దాలమ్మ. పెట్టెలోంచి గుడ్డమూట తీసింది. "చీటీ డబ్బులు, యాభై వేలున్నాయి. ఆ డొక్కు బస్సుకి పాతినుము కొనేవోడు నలభైకి మించి ఇవ్వడు. మనమే కొని, మనమే నడుపుకుందాం. రేపు ఎవులెంత పాడినా సరే, దానిమీద ఇంకో ఎయ్యి పెంచి పాడండి. నోరు మూసారా, బస్సు పోయినట్టే. ఇన్నావా మావా?"

"విన్నాను దాలమ్మా. ఎవరు పాడినా పైన పాడాలి. నోరు మూయకూడదు."

"ఈ ఒక్కటైనా సరిగ్గా సెయ్యి" అంది దాలమ్మ. గవర్రాజు దేవుడి పటం మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు.

వేలం కొండమీద, పరిపాలనా భవనం ముందు జరిగింది. నలుగురూ పొద్దున్నే వెళ్ళి ముందు వరసలో నిలబడ్డారు. బస్సు లేదు కాబట్టి దాలమ్మ కొండ ఎక్కుతూ ఎక్కుతూ వెనకబడింది. బయటివాడంటూ వచ్చింది పాతినుము వ్యాపారి ఒక్కడే. అతను బస్సుని ఒక తన్ను తన్ని, "ముప్పై వేలు" అన్నాడు.

"ముప్పై ఒకటి!" అన్నాడు గవర్రాజు.

వ్యాపారి మొహం చిట్లించి, "తీసుకోవయ్యా, నీకో దండం" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. బస్సు దక్కినట్టే! గవర్రాజుకి కళ్ళంట నీళ్ళొచ్చాయి. వేలం పాడించే గుమాస్తా "ముప్పై ఒకటి, ఒకటోసారి" అన్నాడో లేదో, పక్కనుంచి తవుడు అరిచాడు.

"ముప్పై రెండు!"

మరి దాలమ్మ వదిన ఎవరు పాడినా పైన పాడమంది కదా! వెంటనే సన్యాసిరావు ముప్పై మూడన్నాడు. పేరిందేవి ముప్పై నాలుగంది. గవర్రాజు ఊరుకుంటాడా? ముప్పై అయిదు. ఇంకేముంది, నలుగురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎగబడి పాడారు. యాభై దాటింది, డెబ్భై దాటింది. ఎనభై దగ్గర పేరిందేవికి దగ్గొచ్చి ఆగిపోయింది. ఎనభై అయిదు దగ్గర సన్యాసిరావు గొంతు పోయింది. తొంభై దగ్గర తవుడికి అంకెలు అయిపోయాయి, అతనికి వచ్చినవి అంతే. గవర్రాజు ఒక్కడే మిగిలాడు.

"తొంభై ఒక్క వెయ్యి, ఒకటోసారి" అన్నాడు వేలం గుమాస్తా. "ఇంకెవరైనా ఉన్నారా?"

గవర్రాజు చుట్టూ చూశాడు. "ఇప్పుడు పాడిందెవరండీ?"

"మీరేనండీ."

"ఎవరు పాడినా పైన పాడమన్నారండీ. నేనైతే మాత్రం వదిలిపెడతానా? తొంభై రెండు!"

వేలం గుమాస్తా బిత్తరపోయి రిజిస్ట్రారు గారికేసి చూశాడు. విశ్వవిద్యాలయానికి డబ్బొస్తుంటే ఆయనెందుకు ఆపుతారు? కానివ్వమన్నట్టు చెయ్యూపారు.

దాలమ్మ ఆయాసపడుతూ, కర్ర పోటేసుకుంటూ కొండమీదికొచ్చేసరికి లక్షా అరవై వేలయింది. చొక్కా తడిసిపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి, అయినా మన గవర్రాజు గొంతు తగ్గలేదు. పెళ్ళాన్ని చూడగానే అతని మొహం వెలిగిపోయింది.

"భయపడకు దాలమ్మా! ఎవడో మొండివాడు, నేనెంతంటే దానికి పైనే ఉంటున్నాడు. వాడి అంతు చూసేదాకా వదల్ను" అని, ఇంకో వెయ్యి పెంచాడు.