పొట్టు సింహాసనం

అనగా అనగా ఒక అడవి. ఆ అడవిని కేసరవర్మ అనే సింహం ఏలుతుండేది. రాజుగారికి రాజసం ఎక్కువ, ఓపిక తక్కువ.

ఆయన తన కొడుక్కి పట్టాభిషేకం తలపెట్టాడు. "పున్నమినాటికి కొత్త సింహాసనం కావాలి. అడవిలోకెల్లా పెద్ద టేకుచెట్టును కూల్చండి!" అని ఆజ్ఞ వేశాడు.

ఆ చెట్టు తొర్రలోనే దారుముఖి అనే వడ్రంగిపిట్ట కాపురం. తొర్రలో ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నాయి. పాపం, ఆ తల్లి ఆజ్ఞ వినగానే రివ్వున ఎగిరివచ్చి రాజు ముందు వాలింది.

"మహాప్రభూ! చెట్టు కూల్చకుండానే సింహాసనం చేసిస్తాను. ఇన్నేళ్ళుగా నేను తొలిచిన చెక్కపొట్టు గుట్టలుగా పడి ఉంది. చింతగింజల జిగురు కలిపి, అదిమి, పలకలు చేస్తాను. అద్దంలా మెరుగు పెట్టిస్తాను."

సభంతా పకపకా నవ్వింది. "పొట్టుకు పట్టాభిషేకమా ప్రభూ!" అంది మంత్రి నక్క.

రాజు మీసం దువ్వాడు. "సరే. అందులో నా మీసాలు నాకు కనబడాలి. కనబడలేదో, చెట్టు కూలుతుంది."

కూల్చవలసింది పుష్కరుడనే ఏనుగు. వాడికి ఆ పని ససేమిరా ఇష్టం లేదు. "చెల్లాయ్, నేనూ ఓ చెయ్యి వేస్తాను," అంటూ వచ్చి, జిగురు కలిపిన పొట్టు మీద చతికిలబడ్డాడు. ఏనుగు కూర్చున్నాక ఇక చెప్పేదేముంది! పలకలు రాయిలా బిగిశాయి. దారుముఖి వాటిని ముక్కుతో కోసి, అతికించి, సింహాసనం నిలబెట్టింది.

ఇక మెరుగు. పుష్కరుడు ఎర్రలక్క రంగును తొండం నిండా పీల్చాడు.

"అన్నా, మంచు కురిసినట్టు చల్లు," అంది పిట్ట.

పుష్కరుడు పుట్టి బుద్ధెరిగి ఏ పనీ కొంచెంగా చేసి ఎరగడు. ఒక్క ఊపున కుమ్మరించాడు! రంగు చారలు చారలుగా కారిపోయింది. పిట్ట ముక్కుతో అంతా గీకేసింది.

రెండోసారి వాడు జాగ్రత్తగా చల్లాడు. పలకల ముఖాలు మెరిశాయి కానీ కోసిన అంచులు రంగును గటగటా తాగేసి మసకగా ఉండిపోయాయి. పిట్ట ఆ అంచులకు పలుచని జిగురు పట్టించి, ఆరనిచ్చి, గరుకైన పారిజాతం ఆకుతో రుద్దింది.

మూడోసారి సింహాసనం ధగధగలాడింది! ఆ కబురు విని దుప్పులూ దున్నలూ చూడటానికి పరుగెత్తుకొచ్చాయి. వాటి కాళ్ళ దుమ్మంతా లేచి పచ్చిరంగు మీద కూర్చుంది.

పున్నమి దగ్గర పడింది. నక్క మెల్లగా చేరి, "పిచ్చిదానా, ఇంత నూనె పులిమెయ్. ఆ పూటకి మెరిస్తే చాలదూ?" అంది.

"ఆ పూటకి మెరిసి మర్నాడు మాసిపోతే, నా పిల్లలకు గూడేదయ్యా?" అంటూ దారుముఖి మళ్ళీ పారిజాతం ఆకు అందుకుంది.

పుష్కరుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మెరిసేదాన్ని చేతులారా మసక చేస్తావేమిటే తల్లీ!"

"నున్నటిదాని మీద పూత నిలవదన్నా. కాస్త గరుకైతేనే పట్టుకుంటుంది. ఈసారి ముందు చుట్టూ కళ్ళాపి చల్లు."

వాడు తొండంతో నీళ్ళు చల్లాడు. దుమ్ము అణిగింది. దున్నలు దూరంగా, కదలకుండా నిలబడ్డాయి. అప్పుడు పుష్కరుడు, బిడ్డకు వేడన్నం ఊదినంత మెల్లగా రంగు ఊదాడు. పలుచని పూత వేశారు. ఆరనిచ్చారు. రుద్దారు. మళ్ళీ పూత వేశారు, మళ్ళీ రుద్దారు. ఆఖరిపూతను ఎవరూ ముట్టుకోలేదు.

పున్నమి రానే వచ్చింది. కేసరవర్మ సింహాసనం ముందు వంగాడు.

"ఇదేమిటి! నాకు తెల్లమీసం ఎప్పుడొచ్చింది?" అని ఉలిక్కిపడ్డాడు.

యువరాజు ఫక్కున నవ్వాడు. రాజూ నవ్వాడు. అడవంతా నవ్వింది. నక్క మాత్రం తోక ముడిచి వెనక్కి జరిగింది.

"నేటినుంచి నా రాజ్యంలో ఏ గూడున్న చెట్టూ కూలదు!" అని కేసరవర్మ గర్జించాడు. పుష్కరుడు దారుముఖిని తొండం మీద ఎక్కించుకుని అడవంతా ఊరేగించాడు. తొర్ర దగ్గరికి వచ్చేసరికి పిల్లలు కళ్ళు తెరిచి తల్లిని మొదటిసారి చూశాయి.

కనుక పిల్లలూ, ఓపికతో అడుగుపొరను చక్కబరిచినవాడి పనే పైకి వెలుగుతుంది. తొందరగా పులిమిన మెరుపు ఒక్కపూట మెరుపు.