ఓబులమ్మ బద్ద

అప్పుడెప్పుడో, పలకలు ఇంకా ఊళ్లోకి రాని కాలంలో, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకునే కాలంలో, రాళ్లదిన్నె అనే ఊళ్లో ఓబులమ్మ అని ఒక అవ్వ ఉండేది. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. విన్నవాళ్లు మాత్రం ఊరికి పదిమంది ఉన్నారు. వాళ్లు చెప్పుకునేదే ఈ కథ.

ఓబులమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక గుడిసె, ఒక బర్రె, చీటికీ మాటికీ భయపడే గుండె ఒకటి. అంతే ఆమె ఆస్తి. వీధిబడి అరుగు ఊడ్చడం, కుండలో నీళ్లు నింపడం, పిల్లలు దిద్దే ఇసుకను పొద్దున్నే చేత్తో సాపు చేయడం ఆమె పని. అరుగు మీద ఒక్కొక్కరికి మూరెడు చోటు, ఆ చోటులో ఇసుక. సాయంత్రం బడి వదిలాక ఆమె మళ్లీ వచ్చి చూసేది. ఇసుక గీతలతో చెదిరి ఉంటే ఆ బిడ్డ వచ్చినట్టు. నున్నగా ఉంటే రానట్టు.

నున్నటి ఇసుక చూస్తే చాలు, ఓబులమ్మ గుండె గుబేలుమనేది. జ్వరమొచ్చిందేమో, పాము కరిచిందేమో, బావిలో పడిందేమో! ఇంటింటికీ పోయి అడిగేది.

"ఎవురన్నా మిగిలిపోయినారా నాయనా?"

"ఈ ముసల్దానికి పనీపాటా లేదు" అని జనం నవ్వేవాళ్లు. నవ్వనీ. ఆ ఊళ్లో పిల్లల లెక్క తెలిసింది ఆమెకొక్కదానికే.

దసరా వస్తే ఆ బడికి పెద్ద సంబరం. పిల్లలంతా రంగురంగుల విల్లులు చేతబట్టుకుని, అయ్యవారి వెనక వరసకట్టి, పాటలు పాడుతూ మూడు వీధులూ తిరిగేవాళ్లు. ఇంటింటివాళ్లు పిల్లలకు పప్పూ బెల్లమూ పెట్టేవాళ్లు. అయ్యవారికి జొన్నలు పోసేవాళ్లు. అయితే విల్లు లేని బిడ్డకు వరసలో చోటు లేదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో అయ్యవారికీ తెలియదు. ఆనవాయితీ అంటే అంతే కదా, దాన్ని నిలబెట్టి అడిగేవాడుండడు.

విల్లులు పట్నంలో అమ్మేవాళ్లు. రంగు పూసిన కట్టె, కాగితం పూలు, చూడముచ్చటగా ఉండేవి. కలిగినవాళ్లు కొనిచ్చేవాళ్లు. లేనివాళ్ల పిల్లలు ఆ రోజు ఇంట్లో దూరి తలుపు వేసుకునేవాళ్లు. వీధిలో పాట పోతుంటే చెవులు మూసుకునేవాళ్లు. పండగయ్యాక బడికి రావాలంటే వాళ్లకు మొహం చెల్లేది కాదు. అలా ఒక దసరాకు కదిరప్ప మానేశాడు. ఇంకో దసరాకు మారెన్న మానేశాడు. ఆ తర్వాతి దసరాకు ఉరుకుందు మానేశాడు. మూడు దసరాలు, మూడుచోట్ల నున్నటి ఇసుక. ఓబులమ్మ ఆ మూడు చోట్లనూ రోజూ సాపు చేస్తూనే ఉంది, ఎవరూ చెరపకపోయినా.

నాలుగో ఏడు వచ్చింది. ఉరుకుందుకు సుంకి అని ఒక చెల్లెలుంది. బడిలో అందరికంటే చిన్నది. గుణింతాలు కళ్లు మూసుకుని చెప్పేది. పండగ తొమ్మిది రోజులుందనగా ఆ పిల్ల నీళ్లు తాగడానికి వచ్చి, తాగకుండా నిలబడింది.

"అవ్వా, నా ఇసుక ఇంగెవురికన్నా ఇచ్చెయ్."

"అదేం మాటే?"

"పండగైనంక నేను రాను. మాయన్నకు విల్లు ల్యాకపాయె, బడి మానేసె. నాకు మాత్రం యాడ్నించి వస్తాది?"

చెప్పేసి నీళ్లు తాగి వెళ్లిపోయింది. ఓబులమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. సుంకి ఒక్కతే కాదు, విల్లు లేనివాళ్లు పన్నెండుమంది ఉన్నారు. ఉన్నవాళ్లు తొమ్మిదిమంది. ఏడాదికొకరు పోతున్నారనుకుంటే, ఒకే పండగకు పన్నెండుమందీ పోతే? అరుగంతా నున్నగా ఉన్నట్టు కళ్లకు కట్టింది ఆమెకు. కూర్చోలేక లేచి అయ్యవారి దగ్గరికి పోయింది.

అయ్యవారి పేరు భీమసేనప్ప. చెడ్డవాడు కాదు. ఊరు ఏమంటుందోనని ఆయనకూ భయమే.

"సామీ, విల్లు కొన్నదే ఉండల్లా? చేసింది పనికిరాదా?"

"దేంతో చేస్తావు?"

ఆ సంగతి ఓబులమ్మ ఆలోచించనే లేదు. అటూ ఇటూ చూసింది. ఎదురుగా జొన్నచొప్ప వామి కనబడింది.

"జొన్నదంటుతో సామీ."

అయ్యవారు నవ్వబోయి ఆగిపోయాడు. "చెయ్యి. వద్దనను. అయితే ఒకటి. నడివీధిలో విల్లు విరిగితే ఊరికి కీడంటారు. మూడు వీధులు తిరిగేలోపల ఒక్క విల్లు విరిగినా వరస ఆపేస్తాను. ఆ మీదట ఈ చేసిన విల్లుల మాట నా దగ్గర ఎత్తగూడదు."

"అట్లనే సామీ" అంది ఓబులమ్మ. అంది గానీ, మెట్టు దిగుతూనే చొప్ప వామి వైపు దిగులుగా చూసింది.

మొదటిసారి ఎండుదంట్లు తెచ్చి చీల్చింది. పైన గట్టి బద్ద, లోపల మెత్తటి బెండు. బద్దను వంచింది. ఫట్! ఇంకోటి వంచింది. ఫట్! మూడు రోజులు వంచింది, మూడు రోజులూ విరిచింది. ఆ చప్పుడు ఆమె చెవుల్లో నిలిచిపోయింది.

రెండోసారి బద్దల్ని నీళ్లలో నానబెట్టింది. ఈసారి చక్కగా వంగాయి. ఒక్క బద్దయితే నమ్మకం లేదని మూడేసి జతచేసి గోగునారతో కట్టింది. బెండుతో పూలు చెక్కి చివర్లకు గుచ్చింది. పసుపుతో పచ్చరంగు, పసుపులో సున్నం కలిపి ఎర్రరంగు, కుండ మసితో నల్లరంగు. ఖర్చంటూ ఏమీ కాలేదు. మూడు రోజుల్లో పన్నెండు విల్లులూ తయారయ్యాయి. నీడన ఆరనివ్వాలని బర్రె కొట్టంలో దూలానికి వేలాడదీసి నీళ్లకు పోయింది.

తిరిగొచ్చేసరికి దూలానికి నార ముక్కలు వేలాడుతున్నాయి. బర్రె తీరిగ్గా నెమరేస్తోంది. దాని మూతి ఒకపక్క పచ్చగా, ఒకపక్క ఎర్రగా ఉంది.

నవ్వకండి. ఓబులమ్మ నవ్వలేదు. జొన్నదంటు బర్రెకు మేత అన్న సంగతి, ఏళ్ల తరబడి దానికి ఆ మేతే వేస్తున్న మనిషికి గుర్తులేకపోయింది. గాభరాలో అన్నీ అలాగే అవుతాయి.

"నీ కడుపు కాల! పన్నెండుమంది పిల్లోళ్ల చదువు మేసేస్తివి గదే!" అని బర్రె మెడ పట్టుకుని ఏడ్చింది. బర్రె ఇంకా ఏమైనా ఉందేమోనని ఆమె చేతులు నాకింది.

ఇంక మూడు రోజులే ఉన్నాయి. ఉన్నవి రెండే చేతులు. సాయంత్రం సుంకి వచ్చి గుమ్మంలో నిలబడింది. దాని వెనక పదకొండుమంది.

"అవ్వా, మేము చేస్తాం. ఎట్లనో చూపీ."

బద్ద అంచు కోసుకుంటుందేమో, పసివేళ్లు తెగుతాయేమో అని ఓబులమ్మకు ఇంకో దిగులు పట్టుకుంది. అయినా చూపించక తప్పలేదు. ఒకసారి చూపించింది, రెండుసార్లు చూపించింది, మూడుసార్లు చూపించింది.

"చీల్చల్లా, నానబెట్టల్లా, కట్టల్లా."

"చీల్చల్లా, నానబెట్టల్లా, కట్టల్లా" అని పిల్లలు పాఠంలా పాడారు. ఈసారి బద్దల్ని వేపాకు దంచి కలిపిన నీళ్లలో నానబెట్టారు. బర్రె ఒక్కసారి వాసన చూసి మొహం తిప్పేసింది. పిల్లల చేతులు ఎన్నిసార్లు కడిగినా చేదు పోలేదు. ఆ మూడు రోజులూ వాళ్లు అన్నం తింటూ థూ థూ అంటుంటే, ఇళ్లలో అమ్మలు తమ వంట మీద కోపమనుకున్నారు.

పండగ రోజు తెల్లవారింది. ఇరవైయొక్క మంది, ఇరవైయొక్క విల్లులు. అయ్యవారు పాట ఎత్తుకోబోయాడు. ఓబులమ్మ వరస వెనక నిలబడి, అలవాటు కొద్దీ అడిగింది.

"ఎవురన్నా మిగిలిపోయినారా నాయనా?"

"మేముండాం అవ్వా" అని గోడ చాటు నుంచి జవాబొచ్చింది.

కదిరప్ప, మారెన్న, ఉరుకుందు. తలలు దువ్వుకుని, ఉతికిన గుడ్డలు కట్టుకుని వచ్చారు. కొనకుండానే విల్లు దొరుకుతుందని పిల్లలు చెప్పుకుంటుంటే విన్నారట. "మాక్కూడా ఉండాయా?" అని అడిగాడు ఉరుకుందు. మీసాలొచ్చే ఈడులో ఉన్నాడు, అయినా వాడి గొంతు పసివాడిలా ఉంది.

ఓబులమ్మ లెక్క చూసుకుంది. చేసినవి పన్నెండే. నానిన బద్ద ఒక్కటి లేదు. ఎండుది వంచితే ఫట్‌మంటుంది. ఇన్నేళ్లు తాను ఎదురుచూసిన పిల్లలు తమంతట తాము వస్తే, తన చేతుల్లో ఏమీ లేదు. "పన్నెండే చేసినానే, ఎంత బుద్ధిలేనిదాన్ని!" అని తల బాదుకుంది.

"పొద్దెక్కుతాంది ఓబులమ్మా" అన్నాడు అయ్యవారు.

అప్పుడు సుంకి అరుగు మీద కూర్చుంది. తన విల్లు ముడి విప్పింది. మూడు బద్దల్లో ఒకటి లాగి అన్నకిచ్చింది. రెండు బద్దల్ని మళ్లీ కట్టుకుంది. పక్కన పిల్ల కూడా ఒకటి లాగింది. ఆ పక్కవాడు ఇంకోటి లాగాడు. ఆరుగురు ఆరు బద్దలిచ్చారు. రెండేసి బద్దలతో మూడు విల్లులయ్యాయి. వరస కదిలింది.

పిల్లలకేం, పాడుకుంటూ పోయారు. ఓబులమ్మ పడ్డ బాధ ఎవరు చూశారు? రెండు బద్దల విల్లులు ఇప్పుడు తొమ్మిది. ఏది విరిగినా అందరి పనీ అయిపోయినట్టే. మొదటి వీధిలో చెవులు రిక్కించుకుని నడిచింది. రెండో వీధిలో పిల్లలు బెల్లం కోసం ఎగురుతుంటే, ఎగిరినప్పుడల్లా కళ్లు మూసుకుంది. మూడో వీధి మలుపు తిరిగారు. ఇంకా నాలుగిళ్లే.

ఫట్!

పాట ఆగిపోయింది. 

విరిగింది జొన్నదంటు విల్లు కాదు. పెద్దకాపు మనవడు హనుమంతు చేతిలోని పట్నం విల్లు. పైన నిగనిగలాడే రంగు, లోపలంతా చెద. వాడు రెండు ముక్కలూ పట్టుకుని చుట్టూ చూశాడు. కళ్లనిండా నీళ్లు. ఎవరూ చెప్పకుండానే వరసలోంచి పక్కకు జరిగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. విల్లు లేనివాళ్లు అలాగే కదా నిలబడేది.

అరుగుల మీద జనం గుసగుసలాడారు. "కీడు, కీడు" అన్నారెవరో. అయ్యవారి మొహం పాలిపోయింది. ఒక్క విల్లు విరిగినా ఆపేస్తానన్నది ఆయనే. ఎవరి విల్లని అనలేదు.

సుంకి మళ్లీ ముడి విప్పింది.

"వద్దే! నీకు ఒక్కటే మిగుల్తాది. విరిగిపోతాదే!" అని ఓబులమ్మ కేకపెట్టింది. అంతకుముందు ఆమె పిల్లల మీద గొంతెత్తి ఎరగదు.

"విరిగితే ఇద్దరం ఇంటికి పోతాం లే అవ్వా" అంది సుంకి. ఒక బద్ద హనుమంతుకిచ్చింది. వాడు ముక్కు తుడుచుకుని, అప్పటికే వంగి ఉన్న ఆ బద్దకు తన విరిగిన విల్లు తాడే కట్టుకున్నాడు.

అయ్యవారు ఆ ఇద్దరినీ చూశాడు. వంగి, కింద పడ్డ కట్టె ముక్కల్ని తీసి పైపంచెలో చుట్టేసుకున్నాడు. "నేనేమీ చూళ్లేదు. పాట ఎత్తుకోండి" అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి ఇంకో మాటన్నాడు.

"ఓబులమ్మా, ఎవురన్నా మిగిలిపోయినారేమో చూడు."

ఆ నాలుగిళ్లూ ఓబులమ్మ ఊపిరి బిగబట్టి నడిచింది. ఒంటి బద్ద విల్లులు రెండూ విరగలేదు. ఊరికి కీడూ రాలేదు.

పండగయ్యాక బడి తెరిచిన రోజు సాయంత్రం ఆమె అరుగెక్కింది. ఇరవైనాలుగు చోట్లా ఇసుక చెదిరి ఉంది. నమ్మకం కుదరక మూడుసార్లు తిరిగి చూసింది. ఆ ఇసుక మీద చెయ్యి పెట్టి, అక్కడే కూర్చుని, సంతోషంతో చాలాసేపు ఏడ్చింది. ఆ వెంటనే, ఆమె ఓబులమ్మ కదా, ఇంకో దిగులు మొదలైంది.

"ఒసే సుంకీ, వచ్చే ఏడు ఇంగా ఎవురన్నా వస్తే? మూడు బద్దలు చాలవే. నాలుగు కట్టుకోండి. నాలుగోది మీది కాదనుకోండి."

మరుసటి ఏడు దసరా చూడకుండానే, ఎండాకాలంలో ఓబులమ్మ పోయింది. ఆ దసరాకు పిల్లలు ఎవరూ చెప్పకుండానే దంట్లు చీల్చారు, నానబెట్టారు, కట్టారు. నాలుగేసి బద్దలు. పట్నం విల్లు కొనగలిగినవాళ్లు కూడా.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు పండగ విల్లుకు నాలుగు బద్దలు కడతారు. మూడింటికి గట్టి ముడి, నాలుగోదానికి లాగితే ఊడే ముడి. దాన్ని ఓబులమ్మ బద్ద అంటారు. భోజనాలప్పుడు పెద్దవాళ్లు ఒక విస్తరి ఎక్కువ వేసి, దాన్నీ ఓబులమ్మ బద్దే అంటారు. ఇంకా రాని మనిషిదన్నమాట.

మూడు వీధులూ తిరిగొచ్చిన పిల్లల చేతుల్లో నాలుగు బద్దలూ అలాగే ఉంటే, ఆ ఊళ్ల ముసలమ్మలు మెచ్చుకోరు. వాళ్ల మొహాల్లో దిగులు కనబడుతుంది. "ఎవురో ఇంట్లోనే ఉండిపోయినారు, పోయి పిల్చుకోని రాండి" అని పిల్లల్ని మళ్లీ వీధిలోకి పంపుతారు.