పేష్కారు నమిలిన ఆకు

అనగనగా ఒక పెద్ద ఏటి నడుమ ఒక బుల్లి దేశం ఉండేది. ఊరంత దేశం. మరి దేశమని ఎందుకన్నారంటే, వాళ్ళకి వాళ్ళ పెద్ద ఉన్నాడు, వాళ్ళ కట్టుబాట్లు ఉన్నాయి, అంతే. దాని పేరు ఆకులంక. లంక అంటే రావణాసురుడి లంక కాదమ్మడూ, ఏట్లో మేట వేసిన నేల.

ఊ కొడుతున్నావా? ఫోన్లో నాకు వినపడదనుకో, అయినా కొట్టు. మొన్న అడిగావు కదా, తాతయ్య ఈసారి చెరువులో రొయ్యపిల్లల్ని ఎందుకు వదల్లేదని. మీ అమ్మ "మన రొయ్యలు కొనే పై దేశంలో పన్ను పెంచారు" అంది. నీకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఈ కథైతే నాకు తెలుసు. విను.

ఆకులంకలో అన్నీ పండేవి. జొన్నలు, కందులు, వంకాయలు. ఇంటి వెనకాల మాత్రం ప్రతివాళ్ళకీ నాలుగు అవిసె చెట్లు, వాటి మీదికి పాకించిన తమలపాకు తీగలు. ఆ ఒండ్రు మట్టిలో ఏముందో ఏమో, ఆకు నోట్లో పెడితే వెన్నలా కరిగేది.

ఆ దేశంలో ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళి ఖాయం కావాలన్నా, గట్టు తగాదా తీరాలన్నా, ఆకుకి సున్నం రాసి, వక్క పెట్టి ఎదుటివాడి చేతికి ఇచ్చేవాళ్ళు. వాడు పుచ్చుకుని నమిలాడా, మాట ఇచ్చేసినట్టే. కాయితం లేదు, సాక్షి లేడు. ఒక్కటే, ఆ రసం మింగాలి. ఉమ్మకూడదు. మాట కడుపులోకి దిగాలి కదా, అందుకని.

ఆ దేశంలో ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. నా వయసే ఉంటుందిలే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆవిడకి ఉన్నదల్లా ఒక ఆకుతోట. కడవలతో నీళ్ళు మోసి మోసి భుజం మీద కాయ కాసింది. తీగలతో మాట్లాడేది కూడానట. నేను మాట్లాడనా మన కరివేపాకు చెట్టుతో, అలాగే.

ఆదెమ్మకి ఒక చెల్లెలు, పైడమ్మ. ఏటికి ఎగువన మెట్టలంక అని ఇంకో బుల్లి దేశం ఉంటే అక్కడికి ఇచ్చారు. అత్తారింటికి పంపేటప్పుడు సారెతో పాటు, తడిగుడ్డలో చుట్టి నాలుగు తీగముక్కలు కూడా ఇచ్చింది ఆదెమ్మ. "వీటిని బతికించుకో, ఇవి నిన్ను బతికిస్తాయి" అంది.

ఇక ఏటి అవతలి ఒడ్డున పెద్దపట్నం. అబ్బో, అది ఎంతుండేదంటే, ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే చెప్పులు అరిగిపోయేవి. ఆ పట్నం వాళ్ళకి అన్నం తిన్నాక ఆకు పడకపోతే పొద్దు గడవదు.

ఒకరోజు పట్నం నుంచి పేష్కారు వచ్చాడు. పేష్కారంటే రేవులో సుంకం వసూలు చేసే పెద్ద అధికారి. పెద్ద పడవ, పట్టు తలపాగా. ఆకులంక పెద్ద గవరయ్య ఎదురెళ్ళి తీసుకొచ్చాడు.

"మీ ఆకు ఎంతుంటే అంతా మేమే కొంటాం" అన్నాడు పేష్కారు. "ఈ జొన్నచేలు ఎందుకయ్యా? పీకేసి ఆకే వెయ్యండి. బియ్యం మేం పంపుతాం. ఏ లోటూ రానివ్వం, ఇది మా మాట."

అందరూ సంబరపడిపోయారు. ఎవరి తోటలో ఆకు బావుంటుందని చూసి, ఆదెమ్మ చేతే తాంబూలం ఇప్పించారు. ఇత్తడి పళ్ళెంలో సున్నం రాసిన ఆకు, వక్క పెట్టి అందించింది. పేష్కారు పుచ్చుకున్నాడు. నమిలాడు. "ఆహా" అన్నాడు.

అప్పుడు పడవ ఎక్కాడు. అందరూ చేతులూపుతున్నారు. పడవ కాస్త దూరం పోయాక, పేష్కారు ఏట్లోకి వంగి తుపుక్కున ఉమ్మాడు. నీళ్ళ మీద ఎర్రగా తేలింది.

అది ఆదెమ్మ ఒక్కతే చూసింది. మాట కడుపులోకి దిగలేదే అనుకుంది. మళ్ళీ తనే, పట్నం వాళ్ళ అలవాటేమోలే అనుకుంది. ఇంతమంది సంతోషంగా ఉంటే నేనేం చెప్పను అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. అక్కడే అయిపోయిందమ్మా అంతా.

ఆ తర్వాత జొన్నచేలు పీకేశారు. కందిచేలు పీకేశారు. దేశమంతా ఆకుతోటే. కొన్నేళ్ళు బానే గడిచింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పెంకుటిళ్ళు వేసుకున్నారు. పట్నం సన్నబియ్యం తిన్నారు. పిల్లలకి జొన్నకంకి ఎలా ఉంటుందో తెలీకుండా పోయింది. ఆదెమ్మ ఒక్కతే ఒక ఎండిన ఆనపకాయ బుర్రలో జొన్నగింజలు పోసి, పొయ్యి మీద పొగ తగిలేచోట వేలాడదీసింది.

"ఏంటొదినా, పిట్టలకా?" అని నవ్వేవాళ్ళు చుట్టుపక్కల ఆడవాళ్ళు.

"ఆఁ, పిట్టలకే" అనేది.

అప్పుడు మొదటి కబురు వచ్చింది. ఇక నుంచి పది గంపల ఆకు తెస్తే ఒక గంప రేవులో సుంకం కింద వదిలెయ్యాలని. గవరయ్య వెళ్ళి అడిగాడు. "రేవు ఖర్చులు పెరిగాయి పెద్దాయనా, పదిలో ఒకటి ఒక లెక్కా?" అన్నాడు పేష్కారు. సరే, ఒకటే కదా అని వదిలారు.

కొన్నాళ్ళకి రెండో కబురు. ఈసారి పేష్కారు కోపంగా ఉన్నాడు. "మీరు మమ్మల్ని దోచేస్తున్నారు" అన్నాడు.

గవరయ్య బిత్తరపోయాడు. "మేమా బాబూ? మిమ్మల్నా?"

"మేం మీ దగ్గర ఇంత ఆకు కొంటున్నాం. మీరు మా దగ్గర ఏం కొంటున్నారు? కాసిని బియ్యం. ఇది న్యాయమా? మా పట్నంలో ఏనుగు అంబారీలు చేస్తారు. అవి కొనండి."

"అయ్యా, మాకు ఏనుగుల్లేవు కదా."

"అది మా తప్పా?"

నవ్వకే! నవ్వొస్తుంది కానీ, వాళ్ళకి నవ్వు రాలేదు. మూడు అంబారీలు కొన్నారు. వాటి ఖరీదు పేష్కారు ఆకు డబ్బులోంచే పట్టుకున్నాడు. ఒకదాంట్లో కోళ్ళు పొదిగాయి. ఇంకోదాంట్లో పిల్లలు దాగుడుమూతలు ఆడుకున్నారు. మూడోదాని మొహం ఎవరూ చూడలేదు, చెదలు పట్టి పోయింది.

ఆ తర్వాత మూడో కబురు. పదింటిలో ఐదు గంపలు వదలాలి. సగం! ఇవ్వకపోతే ఆకు రేవులోనే ఆగుతుంది. ఆగితే ఏముంది అంటావా? అదే మరి. బంగారమైతే ఎన్నాళ్ళైనా ఆగుతుంది. ఆకు ఆగదు. ఎండలో ఒక పూట ఆగితే వాడుతుంది, రెండో పూటకి పసుపెక్కుతుంది, మర్నాటికి కుళ్ళుతుంది. ఆయన కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఊరికే "ఆగండి" అంటే చాలు.

అప్పుడు ఆకులంక అంతా అంబారీల దగ్గర సమావేశమైంది. ఒకళ్ళు ఏడుస్తున్నారు, ఒకళ్ళు అరుస్తున్నారు. ఆదెమ్మ లేచి నిలబడింది.

"మనం ఆకు కొయ్యొద్దు" అంది. "మూడు రోజులు. ఆకు లేకుండా ఆ పట్నం ఉండలేదు. వాళ్ళే వస్తారు."

ఆకు కోసేవాళ్ళు బొటనవేలికి చిన్న ఇనప గోరు తొడుక్కుంటారు, దాంతో తొడిమ తుంచుతారు. ఆరోజు దేశంలో ఉన్న ఇనప గోళ్ళన్నీ గుమ్మాలకి వేలాడాయి.

మొదటి రోజు పట్నంలో గొణుక్కున్నారు. రెండో రోజు పెళ్ళివాళ్ళు, పేరంటాలవాళ్ళు రేవులోకి వచ్చి పేష్కారు మీద కేకలు వేశారు. ఆ కేకలు ఇటొడ్డుకి వినపడ్డాయి. ఆకులంకలో బియ్యం పడవ రాక పిల్లలు గంజితో పడుకున్నారు, అయినా పెద్దవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "ఇంకొక్క రోజు ఆదెమ్మా, ఇంకొక్క రోజు" అన్నాడు గవరయ్య.

మూడో రోజు పొద్దున్నే ఎగువ నుంచి పడవలు వచ్చాయి. ఒకటి కాదు, వరసగా పన్నెండు. నిండా ఆకు గంపలు. మెట్టలంక పడవలు.

ఆదెమ్మ ఒడ్డుకి పరిగెత్తింది. గాలికి ఆకు వాసన కొట్టింది. ఆ వాసన ఆవిడకి తెలీదూ? తన తీగ వాసనే. తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన తీగ.

మూడో పడవలో పైడమ్మ ఉంది. అక్కని చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఒసేయ్ పైడీ!" అని అరిచింది ఆదెమ్మ. "ఒక్క రోజు ఆగవే! ఈ ఒక్క రోజు!"

"మా పిల్లలు కూడా తినాలి కదే అక్కా" అంది పైడమ్మ. కొంగు తియ్యకుండానే అంది. "పేష్కారు మా పెద్ద చేతి తాంబూలం పుచ్చుకున్నాడే. మాట ఇచ్చాడు. మా ఆకంతా కొంటానన్నాడు. జొన్నలు పీకెయ్యమన్నాడు."

పడవ ఆగలేదు. వెళ్ళిపోయింది.

ఆదెమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికెళ్ళి ఇత్తడి పళ్ళెం తోమింది. తన తోటలో ఇన్నింటి మధ్య వెతికి వెతికి ఒక మంచి ఆకు తుంచింది. వక్క పెట్టింది. చిన్న పడవ వేసుకుని ఒక్కతే అవతలి రేవుకి పోయింది.

పేష్కారు భోంచేసి కూర్చున్నాడు. పక్కన మెట్టలంక గంపలు దింపుతున్నారు.

"అయ్యా, గుర్తున్నానా?" అంది. "మా లంకలో నా చేతి ఆకు తిన్నారు. ఏ లోటూ రానివ్వనని మాట ఇచ్చారు."

ఆయన కాసేపు ఆలోచించాడు. పాపం, నిజంగానే గుర్తు తెచ్చుకోడానికి చూశాడు. "తిన్నాను, తిన్నాను. భలే ఆకు. మాటేంటమ్మా?"

"తాంబూలం పుచ్చుకుంటే మాటే కదయ్యా."

ఆయన నవ్వేశాడు. "నేను రోజుకి ఇరవై నములుతాను. అన్నిటికీ కట్టుబడి ఉంటే ఈ పట్నం నడిచేనా? అన్నం అరగడానికమ్మా ఆకు, అంతకంటే ఏముంది అందులో? ఏదీ, అది ఇటివ్వు, ఇప్పుడే తిన్నాను" అని చెయ్యి చాచాడు.

చూడు అమ్మడూ, ఆయన కోప్పడలేదు, గెంటెయ్యలేదు. తిట్టి ఉంటే ఆవిడకి అంత బాధ ఉండేది కాదేమో. ఆయనకి అసలు తెలీదు, అంతే. వీళ్ళ పరువంతా, వీళ్ళ బతుకంతా దేని మీద నిలబెట్టుకున్నారో అది ఆయనకి అరుగుదల మందు.

ఆదెమ్మ ఆ చేతి వంక చూసింది. చాచిన చేతికి ఆకు ఇవ్వకపోవడం ఆకులంకలో ఎవరూ ఎరగరు. పళ్ళెం వెనక్కి లాక్కుంది. ఆ ఆకు తనే నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. పడవెక్కింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మాలకి ఇనప గోళ్ళు లేవు. అందరూ తోటల్లో ఉన్నారు, కోస్తున్నారు. గవరయ్య ఎదురొచ్చి తల వంచుకున్నాడు.

"సగమైనా మిగులుతుంది కదమ్మా" అన్నాడు. "పిల్లలు రెండు రోజులుగా గంజి మీద ఉన్నారు."

"ఆ రోజే ఉమ్మాడు బాబాయ్" అంది ఆదెమ్మ. "ఏట్లో ఉమ్మాడు. నేను చూశాను. చెప్పలేదు."

"చెప్పినా వినేవాళ్ళం కాదులే" అన్నాడు గవరయ్య.

ఆ తర్వాత ఆదెమ్మ కత్తి తీసుకుని తన తోటలోకి పోయింది. కన్నబిడ్డల్లా చూసుకున్న తీగల్ని మొదలంటా నరికింది. చెట్టు చెట్టుకీ ఆగి నరికింది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు. అప్పుడు పొయ్యి మీద వేలాడుతున్న బుర్ర దింపింది. సగం గింజలు పుచ్చిపోయాయి. మిగతావి చల్లింది. మొలిచినవి మొలిచాయి. ఆ బుల్లి చేను దేశం మొత్తానికి ఏం సరిపోతుంది? సరిపోలేదు. లేత కంకులు కాల్చి పిల్లలకి తలా గుప్పెడు పెడితే, "ఇదేంటత్తా?" అని అడిగారు.

"పిట్టలకని దాచాను, తినండర్రా" అంది.

కొన్నాళ్ళకి మెట్టలంకకి కూడా మొదటి కబురు వచ్చిందట, పదిలో ఒక గంప అని. పైడమ్మ మళ్ళీ ఇటు రాలేదు.

ఇంకో సంగతి చెప్పి ఆపేస్తాను, మీ అమ్మ తిడుతుంది. ఆకులంకలో ఇప్పటికీ తాంబూలాలు ఇచ్చుకుంటారట. పెళ్ళిళ్ళకీ, తగాదాలకీ, అన్నిటికీ. కానీ ఇచ్చాక ఇదివరకటిలా నవ్వుకుంటూ భోజనాలకి లేవరట. సొంత వియ్యంకుడైనా సరే, వాడు మింగుతాడా ఉమ్ముతాడా అని వాడి నోటి వంకే చూస్తూ నిలబడతారట. పేష్కారు తీసుకున్న సుంకంలో ఏ గంపలోనూ లెక్కకి రానిది ఆ నమ్మకమేనే.

తాతయ్యా? తాతయ్య చెరువు గట్టు తెగ్గొట్టి మళ్ళీ వరి చల్లి చూస్తానంటున్నాడు. ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళు నిలిచిన నేల. మొలుస్తుందో లేదో చూడాలి. నువ్వు పడుకో.

ఆకేమో గంపకి,
గంపేమో రేవుకి,
ఇచ్చిన మాటేమో ఏటికి,
చెప్పిన కథేమో కంచికి,
కళ్ళు మూసుకో అమ్మడూ, మనమేమో ఇంటికి.