నరహరిగారి కలం

నిండు కొలువులో రాజుగారు నరహరి దస్తూరీని మెచ్చుకున్న నాటి నుంచి ఏళ్లుగా అక్కడే రాతపని చూస్తున్న రాయసం భైరవలింగానికి అన్నం సయించడం లేదు. నిన్నగాక మొన్న కొలువులో చేరినవాడికి అంత పేరా? అంతా కలం మహిమేనని తేల్చుకుని, పొద్దున్నే గవరయ్య కలాల అంగడికి వచ్చి కూర్చున్నాడు.

ఒక్కో రెల్లు కలాన్నీ సిరాలో ముంచి రాసి చూశాడు. ఒకటి గీరుతోందన్నాడు, ఇంకొకటి సిరా కక్కుతోందన్నాడు. ఒకదాన్నైతే కసికొద్దీ కొరికి మరీ లోపలి మూలకు విసిరేశాడు.

"మంచివన్నీ ఆ నరహరికే దాచిపెడుతున్నావు కదరా! వాడి కలంలాంటిది ఇప్పుడే ఇవ్వకపోతే అంగడి మూయిస్తాను."

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "ఇక దాచలేను బాబయ్యా. నరహరిగారి కలమే లోపల ఉంది" అని వెళ్లి, పట్టుగుడ్డలో చుట్టిన కలం తెచ్చి ఇచ్చాడు.

భైరవలింగం దాంతో రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. "ఇదీ కలమంటే! దీంతోనా వాడు రాజుగారిని బుట్టలో వేసుకున్నది! ఇక ఇది నాది."

"తమదే బాబయ్యా. దాని కొసన పంటిగాట్లు కూడా తమవే."

భైరవలింగం తిప్పి చూశాడు. ఇందాక తాను విసిరేసిన కలమే! మొహం కందగడ్డ అయింది. "మరి నరహరి కొన్నది ఏదిరా?" అన్నాడు.

"కిందటిసారి తమరు రాసి చూసి వద్దన్నవాటిలో ఒకటి బాబయ్యా."

అంగడి మూయించే ఊసు మళ్లీ రాలేదు. తాను వద్దన్న కలాలన్నీ, ఒక్కటి కూడా నరహరి చేతికి పోకుండా, భైరవలింగమే ఏరి మూటగట్టి కొనుక్కుపోయాడు.