నాలుగు అరచేతుల అడ్డురాయి స్వామి

బూడిదకొండ మీది భీమలింగేశ్వరుని దర్శించుకొన్న భక్తులు వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోవడం వాడుక. అలా వెళ్ళినవారు సగం పుణ్యమే మూట కట్టుకొన్నారని మా పెద్దలు అంటారు. గుడి వెనుకకు వెళితే పాత మట్టికట్ట ఒకటి పల్లానికి జారుతుంది. దాని మీద ఇరవైయొక్క మెట్లు దిగితే చిన్న మంటపమూ, అందులో మోకాలి ఎత్తున ఒక ముక్కోణపు నల్లరాయీ కనిపిస్తాయి. కిరీటం లేదు, వెండి కళ్ళు లేవు. రాతి మీద నాలుగు అరచేతుల గుర్తులు మాత్రం ఉన్నాయి. ఈయనే అడ్డురాయి స్వామి. ఇది దేవుడా, జారకుండా పెట్టే రాయా అని కొత్తవారు అడుగుతుంటారు. రెండూ నిజమే. ఓపికగా చదివితే ఎలాగో తెలుస్తుంది.

మంటపం పక్కనున్న పొడవాటి రాతి ఇల్లు మేస్త్రీల కూటం. పట్నాలలో ఫ్రీమేసన్ల లాడ్జీల గురించి జనం గుసగుసలాడుకొన్నట్టే ఈ ఇంటి గురించి కూడా చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కట్టుకథలు పుట్టాయి. కూటం కూడిన రోజున తలుపులు మూసేస్తారు కనుక లోపల క్షుద్రపూజలు చేస్తారని కొందరూ, లంకెబిందెలు ఉన్నాయని కొందరూ చెప్పుకొనేవారు. నిజానికి లోపల మేస్త్రీలందరూ ఒకే రకం తోలుపట్టీ నడుముకు చుట్టుకొని, మూలమట్టమూ తూకపు గుండూ మధ్యలో పెట్టుకొని, నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఎవరింట్లో జ్వరం, ఎవరి పని ఆగిపోయింది, రేపు ఎవరు వెళ్ళి దానిని పూర్తి చేయాలి అని మాట్లాడుకొంటారు. ఆ తరువాత అందరూ కలిసి రాగిసంకటి తింటారు. ఇంతకు మించిన రహస్యం అక్కడ లేదు.

పూర్వం ఇక్కడ పాళెగాండ్ర కాలంలో బుక్కప్ప నాయుడనే దొర భీమలింగేశ్వరునికి రాతిగుడి తలపెట్టి, నలభై ఇళ్ళ రాతిపనివారిని రప్పించాడు. వారిలో ఉలి పట్టే ఓజులు ఉన్నారు, బండలు పగలగొట్టే వడ్డెలు ఉన్నారు, బళ్ళు తోలేవారు ఉన్నారు. కులాలు వేరైనా కూటం ఒక్కటే. గడప దాటి లోపలికి వస్తే పెద్దా చిన్నా లేకుండా ఒకరినొకరు అన్నా అనే పిలుచుకోవాలని వారి కట్టుబాటు. ఏటేటా ఒకరిని పెద్దగా ఎన్నుకొని తలపాగా చుట్టేవారు. ఆ ఏడు సింగోజు పెద్ద అయ్యాడు. పనిలో దిట్ట. రాతిని వేలితో తట్టి లోపలి పగులు ఎక్కడుందో చెప్పగలవాడు. అయితే తలపాగా చుట్టిన నాటి నుండి ఆయన మెడ కొంచెం బిగుసుకొన్నదని తోటివారు నవ్వుకొనేవారు.

గోడలు పూర్తయ్యాయి. గర్భగుడి మీద కప్పుబండ ఒక్కటే మిగిలింది. ఇంటంత బండ అది. దానిని మట్టికట్ట మీదుగా దుంగల మీద దొర్లిస్తూ పైకి చేర్చాలి. ముందు ఎనభై మంది రెండు మోకులు పట్టి లాగుతారు. కూటానికి పెద్ద అయినవాడు గోడ మీద నిలబడి కూత వేస్తాడు. ఒక లాగు, ఒక ఆపు. ఆ ఆపులో, బండ వెనక్కి జారకుండా, కింద ఒక మనిషి అడ్డురాయి తోస్తాడు. ఆ పని తిప్పన్నది. వడ్డెల తిప్పన్న పదేళ్ళుగా ఎన్నో బండల వెనుక ఆ రాయి పట్టినవాడు. ఇంతమందిలో చావుకు అంత దగ్గరగా పనిచేసేది అతడొక్కడే.

శివరాత్రి ముంచుకొస్తున్నది. ఆనాటికి బండ కూర్చోకపోతే కూటాన్ని రెండుగా చీల్చి, సగం మందిని ఉత్తరాన కోటపనికీ, సగం మందిని దక్షిణాన చెరువుపనికీ పంపిస్తానని నాయుడు ఖండితంగా చెప్పాడు. తాతల నాటి నుండి ఒక్క పొయ్యి మీద వండుకొన్న వారికి అది పిడుగుపాటే. సింగోజు కంగారులో కూత మధ్య ఆపు తీసేశాడు. కింద నుండి తిప్పన్న కేక వేశాడు.

"నిదానం, రాయి అందుకోవడంల్యా."

"ఒరే తిప్పిగా, నీ పని రాయి పెట్టడం. నాకు చెప్పడం కాదు" అన్నాడు సింగోజు.

మూడో లాగుకు బండ జారింది. తిప్పన్న అడ్డురాయిని తోయనే తోశాడు. బండ నిలిచింది. అతని కుడిపాదం మాత్రం దుంగ కింద నలిగిపోయింది.

కూటం తన ధర్మం తప్పలేదు. తిప్పన్న ఇంటికి గింజలు చేర్చారు, పసరు కట్టు కట్టారు, వంతులు వేసుకొని మంచం దగ్గర కూర్చొన్నారు. కానీ అడ్డురాయి పట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ప్రాణం ఎవరికి చేదు? బండ సగం దారిలో ఏడు రోజులు కదలకుండా ఉండిపోయింది. గడువు ఇంక రెండు రోజులే మిగిలింది.

ఆ మిట్టమధ్యాహ్నం మంచం పక్కన వంతు సింగోజుది. కూర్చొన్నచోటనే కునుకు పట్టింది. కలలో కనురెప్పల నిండా రాతిపొడి పట్టిన ముసలి వడ్డె ఒకడు కనిపించి, "పైనుంటే బండ ముఖమే కనపడతాది నాయనా. బరువు కనపడాలంటే కిందికి దిగు. నేనుండేదీ ఆడనే" అని చెప్పి, కళ్ళు తుడుచుకొంటూ వెళ్ళిపోయాడు. సింగోజు ఉలిక్కిపడి లేచాడు. తరువాత తలపాగా విప్పి తిప్పన్న తలకు చుట్టబోయాడు.

"ఎల్లుండి నేను రాయి పడతా. గోడ మీద నువ్వు కూతెయ్యన్నా" అన్నాడు.

తిప్పన్న భార్య గంగులమ్మ నీళ్ళచెంబు పట్టుకొని గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమెకు ఒళ్ళు మండింది.

"కాలు తీసుకొన్నారు. చాలక గొంతు గూడా కావాల్నా మీకు?"

"గొంతు యాడికీ పోదులే గంగులూ" అని తిప్పన్న ఆమెను ఆపి, సింగోజు వైపు తిరిగాడు. "నువ్వు కింద, నేను పైన. లోకం నవ్వదా అన్నా?"

"లోపల అన్నా అని, బయట ఒరే అంటి. లోకం ఆ పొద్దే నవ్వింది" అన్నాడు సింగోజు. ఆయన కంట నీరు తిరిగింది. గంగులమ్మ చేతిలోని నీళ్ళచెంబు ఆయనకు అందించింది.

శివరాత్రి నాడు ప్రొద్దు పొడవగానే తిప్పన్నను మంచంతో సహా గోడ మీదికి ఎక్కించారు. నలభై ఇళ్ళవారూ, నాయుడూ, ఆయన పరివారమూ చేరారు. సింగోజు తోలుపట్టీ బిగించి బండ వెనుకకు నడిచాడు. పెద్ద కింద ఉన్నాడని తెలిసిన మోకులవారికి చేతుల్లో కొత్త బలం వచ్చింది.

"పట్టినోడుండాడు, లాగండన్నా" అని తిప్పన్న కూత వేశాడు. కింద రాయి తగిలిన చప్పుడు చెవిన పడేదాకా రెండో కూత వేయలేదు. రాయి తోయడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? మూరా మూరా బండ ఎక్కింది. ప్రొద్దు పడమటికి వాలేసరికి ఇంక ఒక్క మూరే మిగిలింది.

అప్పుడు ఎడమ మోకు పుటుక్కున తెగింది. బండ వెనక్కి ఒరిగింది. సింగోజు రెండు అరచేతులూ అడ్డురాయికి ఆనించి, కాళ్ళు మట్టిలో దించి నిలబడ్డాడు. రాయి కూడా జారడం మొదలుపెట్టింది. పరుగెత్తి తప్పించుకోవడానికి ఆయనకు సమయం ఉంది. ఆయన పరుగెత్తలేదు.

"కుడి మోకు వదలద్దు. ఎడమోళ్ళు వెనక్కి దిగండి, అన్న ఒక్కడే ఉండాడు" అన్నాడు తిప్పన్న.

తెగిన మోకు వదిలిన నలభై మందీ కట్ట దిగి వచ్చారు. బండ జారితే అందరూ పోవలసిన చోటు అది. వారికంటే ముందే, కట్ట పక్కన పనివారికి నీళ్ళు పోస్తున్న గంగులమ్మ కుండ కింద పెట్టి, గునపం తీసుకొని వచ్చి దుంగ కింద గుచ్చింది. సింగోజు వీపుకు ఒక భుజం, ఆ భుజానికి మరొక భుజం ఆనాయి. బండ నిలిచింది. తిప్పన్న గుండె నిండా ఊపిరి తీసి కూత వేశాడు. కుడివైపు వారు లాగారు, వెనుకవారు తోశారు. బండ ఒక్క ఊపున వెళ్ళి గోడల మీద కూర్చొన్నది. కొమ్ములు ఊదారు, డప్పులు మోగాయి. నలభై ఇళ్ళు నలభై ఇళ్ళుగానే మిగిలాయి. ఆ సాయంత్రం ఎవరు ఎవరిని కౌగిలించుకొన్నారో చెప్పడానికి లెక్కే లేదు.

కప్పుబండ మీద సింగోజు పేరు చెక్కించమని నాయుడు సెలవిచ్చాడు. సింగోజు ఒప్పుకోక, ముందు అడ్డురాయిని కడిగి పసుపు పూయమన్నాడు. కడిగి చూస్తే రాతి మీద ఆయన అరచేతులు రెండూ అచ్చుపడి ఉన్నాయి. వాటి పక్కనే మరో రెండు చేతులు. ఆ నలభై మందీ వచ్చి తమ చేతులు ఆనించి చూశారు. ఎవరివీ సరిపోలేదు. తిప్పన్నను ఎత్తుకొని తెచ్చి చూపించారు. అతనివీ సరిపోలేదు.

"పదేండ్లు ఈ రాయి పట్టినా. ఒంటిగా పట్టినానని ఏనాడూ అనిపించల్యా" అన్నాడతడు.

కలలోని ముసలి వడ్డె మాట తలపుకు వచ్చి సింగోజు అక్కడే సాష్టాంగపడ్డాడు. స్వామి తనకు తానై అక్కడ వెలిశాడని అందరూ గ్రహించారు. బండ దిగువన అడ్డురాయి నిలిచిన చోటనే మంటపం కట్టారు.

ఆనాటి ఏర్పాటు నేటికీ తప్పలేదు. ఇప్పుడు కూటంలో తాపీ మేస్త్రీలు, సెంట్రింగువారు, టైల్సు పరిచేవారు కూడా ఉన్నారు. కొత్తగా ఎన్నికైన పెద్ద మొదటి పని రథోత్సవం నాడు రథచక్రం వెనుక అడ్డుదుంగ పట్టడం. ఆ ఏడాది కూటంలో అందరికంటే ఎక్కువ కష్టం పడినవారు రథం మీద కూర్చొని కూత వేస్తారు. సర్పంచులు, హెడ్మాస్టర్లు, కొత్తగా పదవి వచ్చినవారు ఇక్కడికి వచ్చి అరచేతుల గుర్తుల్లో తమ చేతులు ఉంచి మొక్కుతారు. ఈ స్వామిని కొలిస్తే పదవులు వస్తాయని మేము చెప్పము. వచ్చిన పదవిలో మాత్రం తోడు కరువు కాదని తరతరాల అనుభవం.

నిరుడు కూటానికి పెద్ద హుసేనప్ప మేస్త్రి. కూత వేసినది లక్షుమక్క. సెంట్రింగు మీద నుండి పడి నడుము దెబ్బతిని ఆమె పది నెలలు మంచాన ఉన్నది. ఆమె మొదలుపెట్టిన సొంత ఇంటి గోడలను ఆ పది నెలల్లో కూటంవారే ఆదివారం ఆదివారం వచ్చి లేపారు. ఆమెను కుర్చీతో రథం మీదికి ఎక్కించారు. మొదటి కూత ముందు వరుసవారికే వినిపించింది, రెండో కూతకు కొండ మారుమోగింది. రథం గుడి ముందుకు చేరాక హుసేనప్ప దుమ్ము కొట్టుకొన్న చేతులతో వెనుక నుండి వచ్చి, దింపడానికి నలుగురిని పిలవబోయాడు.

"వద్దన్నా, చెయ్యి ఒక్కటియ్యి చాలు" అని లక్షుమక్క కుర్చీలో నుండి లేచి, ఆ చెయ్యి పట్టుకొని తన కాళ్ళ మీద తానే రథం దిగింది.