బొల్లవ్వకు వినబడని గంట

తుమ్మలగుట్ట కింద మేసే గొర్రెల మందకు ముందు నడిచేది గొర్రె కాదు, పోశాలు అనే మేకపోతు. మెడలో ఇత్తడి గంట, గడ్డం కింద బారెడు పెద్దరికం. మందలో బొల్లవ్వ అనే ముసలి గొర్రెకు రెండు కళ్లూ పోయాయి. ఆమె భారమంతా పోశాలు తనకు తానే నెత్తికెత్తుకున్నాడు. తుమ్మకాయలు రాల్చి పెట్టేవాడు, నీడ చూసి పడుకోబెట్టేవాడు. చేసిందంతా మందకు వినబడేలా చెప్పుకునేవాడు కూడా. అవ్వ నోరు తెరిస్తే చాలు, "నువ్వూకో అవ్వా, నేను చూసుకుంట గద!" అనేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం కాపరి కునుకు తీస్తుంటే, వాగు ఒడ్డున నక్క ఎదురైంది.

"పోశాలన్నా, నీ అసొంటి కొడుకు ఎవలకున్నడే! కానీ అవ్వకు కంటినిండ నిద్ర లేదట గద?"

"ఎందుకు లేదు? నీడల పండవెడుతున్న!"

"నీ మెడల గంట సంగతేంది? నెమరేసినా టంగు, తల తిప్పినా టంగు. పాపం, నీతోని చెప్పలేక ఊకుంటున్నది."

పోశాలు మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ ఆమె నిద్ర చెడగొట్టింది తనేనా? నాలుగడుగులు వేసి అవ్వనే అడగొచ్చు. ఆ ఆలోచనే రాలేదు. తుమ్మ మొద్దుకు మెడ రాసి రాసి గంట తాడు తెంపుకున్నాడు.

"నీ కాడ దాచు తమ్మీ."

"గంతకంటెనా!" అని నక్క గంటలో గడ్డి కుక్కి, చప్పుడు కాకుండా కరుచుకుపోయింది.

పోశాలు మురిసిపోతూ అవ్వ దగ్గరికి వెళ్లాడు. "ఇగ హాయిగ పండు అవ్వా."

"నీ గంట ఇనవడతలేదేంది బిడ్డా? అది లేకుంటె నాకు..."

"నువ్వూకో అవ్వా, నేను చూసుకుంట గద!"

అవ్వ ఊరుకుంది. ఆమెకది అలవాటే.

పొద్దు వాలాక మంద ఇంటిదారి పట్టింది. పోశాలు ముందు నడిచి వాగు దాటాడు. అప్పుడు గుట్ట వైపు నుంచి వినబడింది, టంగు, టంగు. తన గంటే! వెనక్కి చూస్తే మందలో అవ్వ లేదు. గుట్ట పొదల్లోంచి ఆమె గొంతు మాత్రం వచ్చింది.

"వస్తున్న బిడ్డా, జర నిమ్మళంగ నడువు."

"అవ్వా, అది నేను గాదు! ఆగు!"

అరుస్తూ ప్రాణం పెట్టి పరుగెత్తాడు. వెళ్లేసరికి గంట ఆగిపోయింది. పొదలో ఇంత బొచ్చు, పక్కన తెగిన తాడు.

మర్నాడు కాపరి ఆ గంటే వెతికి తెచ్చి మళ్లీ కట్టాడు. అవ్వ ఇన్నేళ్లూ ఆ చప్పుడు పట్టుకునే నడిచిందని మందలో గొర్రెపిల్లలకు కూడా తెలుసట.

"మరి అవ్వ నాకెందుకు చెప్పలే?" అన్నాడు పోశాలు, ఏడుపు ఆపుకోలేక.

"చెప్పనిస్తివా మామా?" అంది ఒక పిల్ల.

నీతి: ఒకరిని చూసుకోవడమంటే ముందు వాళ్ల మాట చివరిదాకా వినడం.