చెరసాల గుమ్మంలో కత్తి

పూర్వం ఒక రాజ్యంలో కత్తి కొనాలంటే, ముందు కొత్వాలు ఆ మనిషి ఎలాంటివాడో విచారించి కమ్మరికి చెప్పాలి. మరుసటి సంతనాటికి కబురు రాకపోతే కమ్మరి కత్తి ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే వీపు మీద కొరడా దెబ్బలు. కొత్వాలు వీరభూపతికి విచారణంటే మహా బద్ధకం. అందుకే తాగుబోతులకూ, పగబట్టినవాళ్లకూ కత్తులు చేరి ఊళ్లో నెత్తురు పారుతోంది.

అది చూసి కమ్మరి నాంచారమ్మకు ఒళ్లు మండిపోయేది. ఒకనాడు దారిదోపిడీల జగ్గడు ఆమెకు కత్తి పురమాయించాడు. ఆమె కొత్వాలుకు కబురంపింది. జవాబు లేదు. ఈలోగా జగ్గడు పట్టుబడి చెరసాలలో పడ్డాడు.

సంతనాడు రాజుగారు చెరసాల చూడటానికి వచ్చారు. సరిగ్గా అప్పుడే నాంచారమ్మ నిగనిగలాడే కత్తితో గుమ్మం దగ్గరికి వచ్చింది.

"తలుపు తీయించండి ప్రభూ! గడువు దాటింది. జగ్గడి కత్తి వాడికి ఇచ్చేయాలి."

రాజుగారి వెనకున్న కొత్వాలు గయ్యిమన్నాడు. "నీకు మతి పోయిందా? గజదొంగ చేతికి కత్తిస్తావా?"

నాంచారమ్మ కత్తి కిందపెట్టి దణ్ణం పెట్టింది. "చాలు దొరా! పోయిన సంత నుంచీ నేను ఎదురుచూస్తున్నది ఈ ఒక్క ముక్క కోసమే. తమరికి చెప్పడానికి గుక్క తిప్పుకునేంతసేపు కూడా పట్టలేదు."

రాజుగారు ఫక్కున నవ్వారు. ఇకమీదట జవాబు వచ్చేదాకా కత్తి కొలిమి దాటకూడదనీ, అందాకా కొత్వాలు ఆ కొలిమి దగ్గరే కూర్చుని తిత్తి ఊదాలనీ ఆజ్ఞ వేశారు.

ఆ తర్వాత ఇనుము చల్లారకముందే జవాబులు వచ్చేవి.